చేటెడు తవుడు

నాజియాని నేను చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాను. మా ఊళ్లో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. వినుకొండ కోర్టులో ఇదే మాట నేను చెప్పినప్పుడు మాత్రం జడ్జిగారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

జైతున్‌బీ వాళ్లది మా పక్కిల్లు. దూదేకులవాళ్లు. ఆమె మొగుడు మాబు పరుపులు కుడతాడు, ఆ పని లేనప్పుడు మిరపతోటల్లోకి కూలికి పోతాడు. మా దొడ్డికీ వాళ్ల దొడ్డికీ మధ్య మనిషి నడుమెత్తు మట్టిగోడ ఒకటే అడ్డం. జైతున్‌బీకి మొదట ఇద్దరు ఆడపిల్లలు, మెహర్, ముంతాజ్. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. ఇక చాలు, ఆపరేషన్ చేయించుకుంటానని జైతున్‌బీ అంది. అత్త రసూల్‌బీ ఒప్పుకోలేదు. మాబుకి తల్లి మాట దాటే ధైర్యం లేదు. వినుకొండలో ఆపరేషన్ల శిబిరం పెట్టిన రోజున జైతున్‌బీ ఎవరికీ చెప్పకుండా వచ్చి బస్సెక్కి కూర్చుంది. నేనూ అదే బస్సులో ఉన్నాను. బస్సు కదలబోతుంటే మాబు పరుగెత్తుకొచ్చి ఆమెను దింపుకుపోయాడు. ఆమె పెనుగులాడలేదు. మెట్టు దిగేటప్పుడు చెప్పొకటి ఊడి పడితే దానికోసం వంగనైనా వంగలేదు. ఒంటి చెప్పుతో ఇంటికి నడిచిపోయింది.

మరుసటేడు నాజియా పుట్టింది. ఒళ్లు నీలంగా, పిల్లికూనంత ఉంది. మూడురోజులు కూడా బతకదని మంత్రసాని చెప్పేసింది. అప్పుడు రసూల్‌బీయే పిల్లని పాతచేటలో పడుకోబెట్టి తెచ్చి మా దొడ్లో పెంటకుప్ప మీద పెట్టింది. పిల్లలు దక్కని ఇళ్లలో మావైపు అందరూ చేసేదే అది, హిందువులనీ సాయిబులనీ లేదు. కన్నతల్లి అక్కరలేదని పెంట మీద పెట్టాలి. ఇంకొక తల్లి చూసి ఎత్తుకోవాలి. బదులుగా తవుడు ఇవ్వాలి. అప్పుడు ఆ పిల్లని వెతుక్కుంటూ వచ్చిన చావు, ఆ తల్లి పిల్ల ఇక్కడ లేదనుకుని వెళ్లిపోతుంది. నాకు పిల్లల్లేరు, మా ఆయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. చేటెడు తవుడు గోడ మీద నుంచి జైతున్‌బీకి అందించి పిల్లని తెచ్చుకున్నాను. ముక్కు కుట్టించి రాగి తీగ వేయించాను. పిల్ల బతికింది.

బతికాక ఆ బేరానికి కట్టుబడి ఉండాలి. నాజియా నన్ను అమ్మా అనేది, జైతున్‌బీని అక్కా అనేది. జైతున్‌బీ నా ఇంటికి వచ్చి, నా ఒళ్లోని పిల్లకి పాలిచ్చి వెళ్లేది. పెళ్లిదాకా కన్నతల్లి 'నాది' అనకూడదు. ఎవరైనా నీకెంతమంది పిల్లలంటే ఇద్దరనే చెప్పేది. బళ్లో చేర్చినప్పుడు తల్లి పేరు నాదే చెప్పాను. తండ్రి పేరు అడిగితే మాబు అన్నాను. హెడ్మాస్టరు కొత్తగా వచ్చినాయన, పెన్ను పట్టుకుని నన్నూ, వెంట వచ్చిన మాబునీ మార్చి మార్చి చూశాడు. ఊరు వారంపాటు నవ్వుకుంది.

పిల్ల ఎప్పుడైనా "అమ్మా, నన్ను పెంట మీద ఎవరు పెట్టారు?" అనడిగేది.

"కోడి పెట్టింది."

"గుడ్డు పెట్టినట్టా?"

"ఆఁ. గుడ్డు పెట్టినట్టే."

కిలకిలా నవ్వేది. మర్నాడు మళ్లీ అదే అడిగేది.

రెండువేల ఒకటిలో మా పంచాయతీ సర్పంచి పదవి బీసీ ఆడవాళ్లకి వచ్చింది. దూదేకులవాళ్లకి ఆ కోటాలో చోటుంది. మాబు వెళ్లి పెళ్లాం పేరిచ్చి వచ్చాడు. నామినేషన్ రోజున ఆఫీసరు అడిగాడు, "ఎంతమంది పిల్లలమ్మా?"

"ఇద్దరండి," అంది జైతున్‌బీ.

అడిగిన ప్రతివాళ్లకీ ఏళ్ల తరబడి చెబుతున్న జవాబు. చట్టం కోసం చెప్పింది కాదు. ఇద్దర్ని మించి పిల్లలుంటే పంచాయతీకి నిలబడకూడదని చట్టమున్నట్టు అప్పటికి ఆమెకి తెలియనే తెలియదు. ఎదురు నామినేషన్ వేసిన తన భార్య పక్కనే యలమందయ్య నిలబడి ఉన్నాడు. ఆయనా ఏమీ అనలేదు. ఆయన నాజియాని 'సుబ్బరావమ్మ కూతురా' అని పిలిచే మనిషి. భార్య ఓడిపోయాక గాని ఆ పిల్లని కన్నదెవరో ఆయనకి గుర్తు రాలేదు.

గెలిచాక కొన్నాళ్లు పంచాయతీ ఆఫీసులో కుర్చీలో మాబు కూర్చునేవాడు, జైతున్‌బీ గోడకానుకుని నిలబడి సంతకాలు పెట్టేది. ఒకరోజు అందరి ముందే అంది, "లే. కాళ్లు లాగుతున్నాయి నాకు." మాబు నవ్వుతూ లేచాడు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే కూర్చున్నామె మళ్లీ ఆ కుర్చీ వదల్లేదు. బళ్లో ఆడపిల్లలకి మరుగుదొడ్డి కట్టించింది. తర్వాత మంచినీళ్ల ట్యాంకు వెంట పడింది. మా బోరు నీళ్లు తాగితే పిల్లలకి పళ్లు గార పట్టి, నడివయసుకే మోకాళ్లు వంగవు. సాగర్ కాలవ నీళ్లు చెరువుకి పట్టి, అక్కడి నుంచి ట్యాంకుకి ఎక్కించాలని ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో. ట్యాంకు స్తంభాలు లేచాయి.

"ఇందులో నీళ్లు పడితే చాలు పిన్నీ. తర్వాత ఎవడు కూర్చుంటాడో కూర్చోనీ," అనేది.

ఆ స్తంభాలు లేచేటప్పటికే యలమందయ్య భార్య పేరున కోర్టులో పిటిషన్ నడుస్తోంది. జైతున్‌బీకి ముగ్గురు పిల్లలు, మూడోది చట్టం వచ్చాక పుట్టింది, ఎన్నిక చెల్లదు అని. వాయిదాలు పడుతూ పోయాయి. ఇద్దరు జడ్జీలు మారారు. వాయిదా పడ్డప్పుడల్లా ట్యాంకు ఇంకాస్త లేస్తుందని జైతున్‌బీ సంతోషించేది. సంతోషం అంటే, ఆరోజుకి అన్నం తినేది.

రెండువేల మూడు ఆగస్టులో, ఇద్దరు పిల్లల షరతు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సంగతి పేపర్లో వచ్చింది. ఆదివారం పేపర్లో రిటైరైన ప్లీడరు ఒకాయన తీర్పుల మీద వ్యాఖ్య రాస్తుండేవాడు. మా ఆయన పోయాక వయోజన విద్య బళ్లో నేర్చుకున్న అక్షరాలు నావి. ఆ కాలమ్ కూడబలుక్కుని చదివి జైతున్‌బీకి చెప్పడం కేసు పడ్డప్పటినుంచీ నా పనైంది. ఆరోజు పత్తిలో కలుపుకి పోయాం. సర్పంచి అయినా జైతున్‌బీ కూలికి రావడం మానలేదు. వానలు సరిగా లేక పత్తి మోకాలెత్తున ఆగిపోయింది. అన్నాల వేళకి తుమ్మచెట్టు కింద కూర్చున్నప్పుడు కాగితం విప్పాను. రసూల్‌బీ, కోటమ్మ, ఇంకా నలుగురైదుగురు చుట్టూ చేరారు.

"ఎన్నికల్లో నిలబడటం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంట," అన్నాను. "చట్టం ఇచ్చిన హక్కంట. ఇచ్చిన చట్టమే షరతు పెట్టొచ్చంట."

కోటమ్మ గొంతు పొలమంతా వినబడుతుంది. "అయితే ఎమ్మెల్యేలకీ ఇద్దరేనా?"

"వాళ్లకి లేదంట. ఆ మాటా కోర్టులో అడిగారంట. ఏ సభకి ఏ షరతు పెట్టాలో చట్టం చేసేవాళ్ల ఇష్టం అని చెప్పిందంట."

"చట్టం చేసేవాళ్లెవరు?"

"ఎమ్మెల్యేలే."

"ఓసినీ! మన పొలానికి గట్టు వాళ్లు వేసి, వాళ్ల పొలానికి గట్టే లేకుండా చేసుకున్నారన్నమాట."

అందరూ నవ్వారు. జైతున్‌బీ నవ్వలేదు. "దత్తత సంగతి రాశాడా పిన్నీ?"

రాశాడు. చదివాను. మూడో బిడ్డని కన్నాక దత్తతిచ్చేసినా అనర్హత పోదు. కనడమే లెక్క, ఎవరింట్లో పెరుగుతుందన్నది కాదు. మా మతంలో ఎక్కువమందిని కనొచ్చు అన్న వాదన కూడా నిలబడలేదని రాశాడు. ఆ తర్వాత ఇంకొక మాట ఉంది. మొగుడు బలవంతం చేస్తే ఆడది ఏం చేస్తుంది, ఆమె పదవి ఎందుకు పోవాలి అని కొందరు వాదించారంట. మన దేశంలో ఆడవాళ్లకి చైతన్యం పెరుగుతోంది, ఇష్టం లేకుండా మూడో బిడ్డని కనాల్సినంత నిస్సహాయులని అనుకోలేం అని కోర్టు అభిప్రాయపడిందంట.

కోటమ్మే ముందు నవ్వింది, ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు. నవ్వీ నవ్వీ ఒకామెకి పొలమారింది. నవ్వు ఆగాక అందరి కళ్లూ రసూల్‌బీ మీదికి పోయాయి.

"నా వంక చూస్తారేందే?" అంది రసూల్‌బీ. "చట్టం నేను చేశానా?"

"నువ్వు చేసిన చట్టం ముందు ఇదెంతలే అత్తా," అంది జైతున్‌బీ. కోపంగా అనలేదు. అన్నం ముద్ద చేతిలో అట్లాగే ఉంది. "ఆ మాట మళ్లీ చదువు పిన్నీ."

మళ్లీ చదివాను.

"ఆ రాసినాయన మన ఊరి బస్సు ఎక్కుండడు," అని లేచి చెయ్యి కడుక్కుంది.

మా వకీలు లక్ష్మీకాంత్ గారి ఆఫీసు వినుకొండలో ఎరువుల కొట్టు మీద గది. ఎప్పుడు వెళ్లినా మందుల వాసన. తీర్పు వచ్చిన తర్వాత వాయిదాకి ముందు మమ్మల్ని పిలిపించాడు. నేను, జైతున్‌బీ, మాబు వెళ్లాం.

"దత్తత వాదన ఇక మర్చిపోండి," అన్నాడు. "పిల్ల ఎవరికి పుట్టింది అన్నదొక్కటే మిగిలింది. పుట్టినట్టు ఎక్కడా రాసిలేదు. మంత్రసాని చనిపోయింది. సుబ్బరావమ్మగారూ, పిల్ల మీకెట్లా వచ్చింది?"

"తవుడిచ్చి తెచ్చుకున్నానండి."

"ఎక్కడి నుంచి?"

"మా దొడ్లో పెంట మీద నుంచి."

"అంతే. బోనెక్కి ఆ మాటే చెప్పండి. అబద్ధమా అది?"

"కాదండి."

"పెంట మీద ఎవరు పెట్టారన్నది వాళ్లు నిరూపించుకోవాలి. ఊళ్లో మీకు వ్యతిరేకంగా చెప్పేవాళ్లు ఎంతమంది? పదేళ్లుగా అందరూ సుబ్బరావమ్మ కూతురనే పిలుస్తున్నారు. జైతున్‌బీగారు బోనెక్కి, నాకు పుట్టలేదు అని ఒక్క ముక్క చెబితే చాలు."

మాబు మొహం వెలిగిపోయింది. "చెబుతుందండి. ఎందుకు చెప్పదు?"

పదేళ్లు కాలేదు, పిల్లకి ఏడేళ్లే అని నేను చెప్పబోయి ఊరుకున్నాను. జైతున్‌బీ అడిగింది, "అట్లా అయితే దాన్ని ఎవరి బిడ్డని రాస్తారండీ?"

"తల్లిదండ్రులు తెలియరు అని."

"మెహర్‌కి చెల్లెలు కాదన్నమాట."

"కాగితం మీదేనమ్మా. ఇంట్లో ఎవరొద్దన్నారు?"

ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. ఎరువు బస్తాలు దింపుతున్నారు. "ట్యాంకు అయ్యేదాకానేగా," అంది. మమ్మల్ని అడిగిందో, తనకి తను చెప్పుకుందో. లక్ష్మీకాంత్ గారు తలూపాడు. కోర్టులో రాసింది ట్యాంకు నిండగానే చెరిగిపోదని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. దారిలో మాబు ఆమెకి అరటిపళ్లు కొన్నాడు. ఆమె తినలేదు, పిల్లలకని సంచిలో పెట్టుకుంది.

మేం పెంట సంగతే కోర్టులో చెప్పబోతున్నామని యలమందయ్యకి తెలిసిపోయింది. ఊళ్లో ఏ మాటా ఆగదు. ఒకనాడు బడి వదిలాక నాజియా వచ్చి సంచి పడేసి నా ఎదుట నిలబడింది.

"అమ్మా, నన్ను పెంట మీద ఎవరు పెట్టారు?"

"కోడి పెట్టింది."

"కోడి కాదంట. ఎవరో పారేశారంట. యలమందయ్య తాత చెప్పాడు. పిల్లలందరూ అంటున్నారు."

"వాళ్లకేం తెలుసు?"

"నీకు తెలుసా?"

గోడ అవతల జైతున్‌బీ గిన్నెలు తోముతోంది. తోముడు చప్పుడు ఆగింది. కాసేపయ్యాక మళ్లీ మొదలైంది.

మా సాక్ష్యం ఫిబ్రవరిలో పడింది. మిరపకోతల రోజులు. ఊరికి ఊరే కల్లాల్లో ఉంది. తెల్లారి కాయలు పరిచి, చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా మంట పోకుండానే ఆటో ఎక్కాం. మేం హాల్లోకి వెళ్లగానే గుమస్తా తుమ్మడం మొదలుపెట్టాడు. "మీ ఊరి కేసు వస్తే నాకు జలుబొచ్చినట్టేనమ్మా," అన్నాడు. పిల్లని తీసుకు రమ్మని లక్ష్మీకాంత్ గారు చెబితే వెంట తెచ్చాం. రసూల్‌బీ దాన్ని బయట వరండాలో కూర్చోబెట్టుకుంది.

ముందు నన్ను పిలిచారు. నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. పెంట సంగతి, తవుడు సంగతి చెప్పాను. అప్పుడే జడ్జిగారు కళ్లజోడు తీసింది. అలిసిపోయిన మనిషి ఆయన, ముందున్న కట్టలు చూస్తే ఎవరికైనా అలుపొస్తుంది. నేను తెలుగులో చెప్పింది ఆయన ఇంగ్లీషులో చెబితే పక్కన టైపు కొడుతున్నారు. నేను ఎంతసేపు చెప్పినా మిషను చప్పుడు కొంచెంసేపే వచ్చేది.

తర్వాత యలమందయ్య తరఫు వకీలు జయరావు గారు లేచాడు.

"పిల్లకి తల్లి మీరేనని బళ్లో చెప్పారా?"

"చెప్పానండి."

"తండ్రి?"

"మాబు అని చెప్పానండి."

"మీ వారు పోయి ఎన్నాళ్లయింది?"

"చాలా ఏళ్లండి."

"అయితే మీకూ మాబుకీ ఏమిటి సంబంధం?"

వెనక బెంచీల్లో నవ్వారు. మా ఊరివాళ్లు కూడా నవ్వారు. ఇదివరకు వాళ్లు నవ్విన నవ్వే అది, అప్పుడు నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. ఆరోజు తల ఎత్తలేకపోయాను.

"పక్కిల్లండి," అన్నాను.

"పోనీండి. నెలల పిల్లకి పాలెవరిచ్చారు?"

లక్ష్మీకాంత్ గారు నా వైపు చూడకుండా కాగితాలు తిరగేస్తున్నాడు. గేదెపాలు పట్టాననమని నాకు ముందే చెప్పి ఉంచాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. "ఆకలేసిన పిల్లకి ఎవరి పాలైతే ఏందండీ?" అన్నాను. జయరావు గారు జడ్జిగారి వైపు తిరిగి, సాక్షి సమాధానం దాటేస్తోంది, రాసుకోవాలి అన్నాడు. కళ్లు మండుతున్నాయి. చేతులకి కారం ఉందని తెలిసీ తుడుచుకున్నాను. ఇక నేను ఏడుస్తున్నానో కారమో నాకే తెలియలేదు.

జైతున్‌బీని పిలిచారు. నేను దిగుతుంటే ఆమె ఎక్కింది. నా మొహం చూసింది. కొంగు తడి చేసుకొచ్చిందేమో, దాంతో నా కళ్లు ఒత్తింది. గుమస్తా కసిరాడు.

లక్ష్మీకాంత్ గారు అడిగాడు, "నాజియా అనే పాప మీకు పుట్టిందా?"

వరండాలో పిల్ల రసూల్‌బీతో ఏదో వాదిస్తోంది. మాటలు తెలియడం లేదు గాని గొంతు వినబడుతోంది.

"పుట్టిందండి," అంది జైతున్‌బీ.

లక్ష్మీకాంత్ గారు తడబడ్డాడు. "అమ్మా, ప్రశ్న అర్థం కాలేదేమో. నెమ్మదిగా విను..."

"అర్థమైందండి. నాకే పుట్టింది. కనకూడదనుకుని బస్సెక్కాను. దింపేశారు. ఇష్టం లేకుండానే కన్నాను. పుట్టాక ఇష్టమైంది. బతకదన్నారని సుబ్బరావమ్మ పిన్నికిచ్చాను. పెంట మీద పెడితే బతుకుద్దని పెట్టాం. పాలు నేనే ఇచ్చాను. దాన్నెవరూ పారెయ్యలేదు. పారెయ్యలేదని రాయండి."

మాబు లేచి నిలబడ్డాడు. ఎవరో చొక్కా పట్టి కూర్చోబెట్టారు. జడ్జిగారు ఇంగ్లీషులో ఏదో అన్నారు. మిషను చప్పుడైంది. అంతా కలిపి ఒక వరస కూడా ఉండదు.

"పారెయ్యలేదని రాశారాండీ?" అంది జైతున్‌బీ.

"మీ బిడ్డేనని ఒప్పుకున్నారు. కోర్టుకి కావలసింది అదే. అది రాశామమ్మా."

"అది కోర్టుకండి. నేనడిగింది పిల్లకి."

జయరావు గారు ఏదో అనబోతే జడ్జిగారు చేత్తోనే ఆపారు. కళ్లజోడు పెట్టుకున్నారు. టైపు చేసేవాళ్ల వైపు వంగి మెల్లగా ఏదో చెప్పారు. ఇంకొంచెం చప్పుడైంది. ఆ రెండో వరసలో ఏముందో నాకిప్పటికీ తెలియదు. నేను నేర్చుకున్నవి తెలుగక్షరాలే.

బయటికొచ్చాక లక్ష్మీకాంత్ గారు, "ఒక్క ముక్కమ్మా. ఒక్క ముక్క చెప్పలేకపోయావా?" అని వెళ్లిపోయాడు. మాబు వెళ్లి ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. యలమందయ్య మాత్రం ఆటో దగ్గరికి వచ్చి, "ఓడిందాకా మాకూ తోచలేదు గాని అమ్మాయ్, చట్టం చట్టమేగా," అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందో లేదో కనిపెట్టే ఓపిక మాలో ఎవరికీ లేదు.

మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి వెళ్లే రోజుల్లో తీర్పొచ్చింది. పదవి పోయింది. ఉపసర్పంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ట్యాంకు స్తంభాల మీద గిన్నె ఎక్కలేదు. బిల్లులు ఆగాయంటారు, చెరువుకి కాలవ నీళ్లు రాలేదంటారు, ఎవరికి తోచింది వాళ్లంటారు. జైతున్‌బీ ఆ దారిన కూలికి పోయేటప్పుడు తలెత్తి చూసేది కాదు. తీర్పు తర్వాత వచ్చిన ఆదివారం కాలమ్‌లో ప్లీడరు గారు ఇంకేదో తీర్పు గురించి రాశాడు. చదివి చెప్పనా అంటే, "ఇంక మనకెందుకులే పిన్నీ," అంది.

తీర్పొచ్చిన వారంలోనే నాజియాకి జ్వరం తగిలింది. రసూల్‌బీ గుండెలు బాదుకుంది. "నాదీ అన్నావు! కోర్టులో నలుగురి ముందు నాదీ అన్నావు! చావు విననే విన్నది!" అని కోడల్ని తిట్టింది. మళ్లీ పెంట మీద పెట్టి మళ్లీ తవుడిప్పించాలని పట్టుబట్టింది. గోడకి ఇవతల నుంచి అంతా విన్నాను. జైతున్‌బీ సరేనంటుందనుకుంటే నేను అప్పుడే తవుడు తీసి సిద్ధంగా పెట్టుకోవచ్చు. పెట్టుకుందామనే అనిపించింది.

"ఇంకోసారి పెంట మీద పెట్టను," అంది జైతున్‌బీ.

"మరేం చేస్తావే?"

"పద్ధతిగా కొనుక్కుంటా."

ఆ మధ్యాహ్నం ఆమె గోడ మీద నుంచి కాకుండా వీధి గుమ్మం గుండా వచ్చింది. చేటలో తవుడు తెచ్చింది. మిల్లు నుంచి అప్పుడే తెచ్చినట్టుంది, వెచ్చటి వాసన. చేట పట్టుకుని అరుగు ముందు నిలబడింది.

"తీసుకో పిన్నీ."

నాజియా లోపల మంచం మీద ఉంది. జ్వరం విడిచి చెమట పట్టింది. నేను తవుడు వంక చూశాను. నేనిచ్చిన దానికంటే ఎక్కువే తెచ్చింది. ఏడేళ్లు ముక్కు తుడిచాను, జడలేశాను, బళ్లో దించాను. ఆమె పాలిచ్చినప్పుడు లెక్క అడగలేదు. ఇప్పుడు నేనేం అడుగుతాను?

"అట్లా పెట్టు," అన్నాను.

ఆమె అరుగు మీద పెట్టేసి వెళ్లింది. పిల్లని వెంటనే తీసుకుపోలేదు. తవుడు గేదె కుడితిలో కలిపేశాను. గేదె మూతి ముంచి తాగుతుంటే పిల్ల లేచి వచ్చి గడప మీద కూర్చుంది. అంతా విన్నదే.

"ఇప్పుడు నిన్నేమని పిలవాలి?"

"నీ ఇష్టం."

ముక్కుకున్న రాగి తీగ తిప్పుకుంది.

"ముందు అన్నం పెట్టు. తర్వాత చెబుతా."

చారు పోసి కలిపి పెట్టాను. సగం తిన్నదో లేదో గోడ అవతల నుంచి "నాజియా!" అని కేక వినబడింది. జైతున్‌బీ ఆ పిల్లని పేరు పెట్టి కేకెయ్యడం అదే మొదలు. ఇన్నాళ్లూ 'పిన్ని కూతురా' అనే పిలిచింది. పిల్ల ముద్ద నోట్లో పెట్టుకుని నా మొహంలోకి చూసింది.

"పిలుస్తుంది. వెళ్లు," అన్నాను.

చెయ్యి కడుక్కోకుండానే గోడెక్కి అవతలికి దూకింది. కంచంలో మిగిలిన అన్నం కోళ్లకి వేశాను. అరుగు మీద చేట అట్లాగే ఉంది, వాళ్లది, తిరిగి ఇవ్వాలి. రేపు ఇద్దాంలే అనుకుని లోపలికి తెచ్చి గోడకి ఆనించాను.